పప్పు గిన్నె పెద్దది కావాలి

నలుగురున్న శాకాహార కుటుంబంలో రోజుకు ఎంత పప్పు ఉడుకుతుంది? తెలిసిన ఇళ్ళకు వెళ్ళినప్పుడల్లా నేను ఈ ప్రశ్న అడుగుతూ ఉంటాను. ఎక్కువగా వినిపించే జవాబు: ఒక చిన్న గ్లాసు. కందిపప్పయితే అది సుమారు 150 గ్రాములు తూగుతుంది. అందులోనే దోసకాయో టమాటానో పడుతుంది, మిగిలింది రాత్రికీ సరిపెడతారు. అంటే మనిషికి 40 గ్రాములు కూడా రావడం లేదు. బియ్యం దగ్గరికి వచ్చేసరికి ఎవరూ ఇంత పొదుపు చూపించరు. అన్నం చాలకపోతే వంట చేసినవాళ్ళకు చిన్నతనం, పప్పు చాలకపోతే కాసిని నీళ్ళు పోసి చారు చేసేస్తారు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2,000 కిలోకాలరీలు కావలసిన మనిషి పళ్ళెం ఎలా ఉండాలో అందులో వివరంగా చూపించింది. ధాన్యాలు 250 గ్రాములు. శాకాహారులకు పప్పుధాన్యాలు 85 గ్రాములు. ఆకుకూరలూ కాయగూరలూ కలిపి 400, పండ్లు 100, నువ్వులు, వేరుశనగల వంటి గింజలు 35 గ్రాములు. పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు. బియ్యం, పప్పుల లెక్క వండకముందు తూకానిది. ఆ ప్రకారం పెద్దవాళ్ళు నలుగురున్న ఇంట్లో రోజుకు 340 గ్రాముల పప్పు కావాలి. మన గ్లాసు అందులో సగం కూడా లేదు.

నేను చెప్పదలచుకున్నది ఈ లెక్కలోనే ఉంది. తెలుగువాళ్ళ శాకాహార వంటకు కొత్త దినుసులు అక్కర్లేదు. ఉన్న దినుసుల కొలతలు మారాలి. అన్నం తగ్గాలి, పప్పు రెట్టింపు కావాలి. మిగతా మార్పులన్నీ దీని తరువాతే.

శాకాహారమైతే చాలు, అది ఆరోగ్యకరమైన భోజనమేనన్న నమ్మకం మనలో బలంగా ఉంది. తెల్లన్నం, బంగాళదుంప వేపుడు, ఆవకాయ, వడియాలు, పలచటి చారు, చివర మజ్జిగ. ఇది పూర్తిగా శాకాహారమే, తినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ అందులో ఉన్నది ప్రధానంగా పిండిపదార్థం, నూనె, ఉప్పు. కార్తీకమాసంలో మాంసం మానేసే కుటుంబాలలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. కూరలోంచి మాంసం వెళ్ళిపోతుంది, ఆ స్థానంలోకి పప్పు రాదు, ఇంకాస్త అన్నం వస్తుంది. నియమం నెల పాటు నిష్ఠగా పాటిస్తారు, పళ్ళెం మాత్రం ఆ నెలంతా బోసిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. 55 కిలోల బరువున్న స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాముల ప్రొటీన్ కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020 నాటి సిఫార్సు. 250 గ్రాముల బియ్యం నుంచి 20 గ్రాములు వస్తుంది. 40 గ్రాముల పప్పు నుంచి 8 లేదా 9. ఒక గ్లాసు మజ్జిగ నుంచి కొద్దిగా. ఎలా కూడినా 46కు చేరదు. అదే పప్పును 85 గ్రాములు చేసి, పెరుగు 300 మిల్లీలీటర్లు, గుప్పెడు వేరుశనగలు చేర్చితే 50 దాటుతుంది. ప్రొటీన్ పరిమాణం ఒక్కటే కాదు, దాని నాణ్యత కూడా చూడాలి. ప్రొటీన్‌ను కట్టే ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుల్లో అది పుష్కలం. పప్పుల్లో తక్కువగా ఉండే మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం బియ్యంలోనూ నువ్వుల్లోనూ దొరుకుతుంది. పప్పన్నం కలిపి తినడంలోని శాస్త్రం ఇదే. కానీ ముద్దంతా అన్నమై, పప్పు రంగు మాత్రమే అంటుకుంటే ఈ లోటు తీరదు.

పప్పు ఇలా ఎందుకు చిక్కిపోయింది? కృష్ణా గోదావరి డెల్టాల్లో వరి ప్రాబల్యం పాతదే. 1850లలో ఆనకట్టలు వచ్చాక కాలువల కింద అది ఇంకా పెరిగింది. మెట్ట ప్రాంతాల కథ వేరు. రాయలసీమలో రాగి సంగటి, కొర్రన్నం, తెలంగాణలో జొన్న రొట్టె, గటక నిత్యాహారంగా ఉండేవి. అక్కడ వరి అన్నం చాలా ఇళ్ళలో పండగ వంట. 1983లో కిలో 2 రూపాయల బియ్యం పథకం వచ్చి పేదవాడి గిన్నెలో తెల్లన్నం పెట్టింది. ఆ పథకం ఆకలి తీర్చింది, దాన్ని చిన్నచూపు చూసే మాట నా నోట రాదు. కానీ బియ్యం చవక అయినంతగా పప్పు ఏనాడూ చవక కాలేదు. బియ్యం బస్తాల్లో ఇంటికి వస్తే, పప్పు కిలోల్లో, అరకిలోల్లో వచ్చింది. ఆ కొలత అలవాటయింది. డబ్బున్న ఇళ్ళలో కూడా అదే కొలత ఉండిపోవడమే నన్ను బాధిస్తుంది. నెయ్యికీ స్వీట్లకూ వెనకాడని కుటుంబం పప్పు దగ్గర గుప్పెడు తగ్గించి పోస్తుంది.

బియ్యం మానేసి జొన్నలు తింటే అన్నీ సర్దుకుంటాయని చెప్పేవాళ్ళతో కూడా నేను ఏకీభవించను. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ఈ మాట మరీ గట్టిగా వినిపిస్తోంది. చిరుధాన్యాలంటే నాకూ ఇష్టమే. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, తెల్ల బియ్యంలో 10 కూడా ఉండదు. అయినా ఒక ధాన్యం స్థానంలో ఇంకో ధాన్యాన్ని పెట్టినంత మాత్రాన భోజనం సంపూర్ణం కాదు. ఇందుకు మన చరిత్రలోనే రెండు సాక్ష్యాలున్నాయి. నేడు తార్నాకలో ఉన్న పోషకాహార సంస్థ 1918లో తమిళనాడులోని కూనూరులో, రాబర్ట్ మెక్‌కారిసన్ చేతుల మీదుగా, బెరిబెరి పరిశోధన కోసం ఒకే ఒక గదిలో మొదలైంది. పాలిష్ పట్టిన బియ్యమే తప్ప మరేమీ పెద్దగా తినని జనానికి వచ్చే జబ్బు అది. తవుడుతో పాటు బి1 విటమిన్ పోవడం దానికి కారణం. ఆ జబ్బు ఎక్కువగా కనిపించిన ప్రాంతాలలో మన కోస్తా ఒకటి. సంస్థ 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఇక్కడ పరిశోధకులకు ఎదురైంది పెల్లాగ్రా. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేచే ఆ జబ్బు జొన్నల మీదే బతికే పేదలలో కనిపించింది. సంస్థ శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా జొన్నల్లోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడానికీ పెల్లాగ్రాకూ సంబంధం ఉందని 1960లో ప్రతిపాదించారు. ఆ వివరణ మీద తరువాత చర్చలు జరిగాయి. కానీ ఒకే ధాన్యం మీద ఆధారపడితే ఏమవుతుందో కోస్తా అన్నమూ చూపించింది, తెలంగాణ రొట్టె కూడా చూపించింది. పక్కన పప్పు, ఆకుకూర, పాలు దండిగా ఉన్నవాళ్ళకు ఈ రెండు జబ్బులూ అంతగా రాలేదు.

కినోవా, చియా గింజలు, డబ్బాల్లో వచ్చే ప్రొటీన్ పొడుల గురించి ఎక్కువ చెప్పను. కొనగలిగినవాళ్ళు కొనుక్కోవచ్చు. కానీ తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కిన ప్రాంతంలో ఉంటూ, కందులూ శనగలూ ప్రధాన పరిశోధన పంటలుగా ఉన్న అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు కూతవేటు దూరంలో ఉంటూ, ప్రొటీన్ కోసం దూరదేశపు గింజ వైపు చూడడం నాకు మింగుడు పడదు.

ఇక అసలు విషయం, వంట. పప్పు రెట్టింపు చేయమంటే వెంటనే వచ్చే అభ్యంతరం, రోజూ అంత ముద్దపప్పు ఎవరు తింటారని. ఎవరూ తినక్కర్లేదు. మధ్యాహ్నం గిన్నె ఒక్కటే మోయనక్కర్లేదు, పప్పును రోజంతా పంచుకోవచ్చు.

పొద్దున్నే పెసరట్టుతో మొదలుపెట్టండి. మనిషికి 50 గ్రాముల పొట్టు పెసలు రాత్రి నానబోస్తే పొద్దునకు రెండు మూడు అట్ల పిండి వస్తుంది, 11 గ్రాముల ప్రొటీన్ అక్కడే దొరుకుతుంది. కరకరలాడడానికి గుప్పెడు బియ్యం చాలు. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి కొంచెం బరకగా రుబ్బాలి. పిండి పులియనక్కర్లేదు, రుబ్బిన వెంటనే పోసుకోవచ్చు. ఈ ఒక్క కారణం చాలు, ఉద్యోగాలు చేసే ఇళ్ళకు ఇది ఇడ్లీ కంటే అనుకూలం. ఇడ్లీ మంచిదే. కానీ ఒక వంతు మినపప్పుకు రెండు వంతుల రవ్వ వేస్తే మళ్ళీ ధాన్యానిదే పైచేయి.

మధ్యాహ్నం కూరల్లోకి పప్పును తేవడం మన పాత విద్య. బీరకాయ, పొట్లకాయ, ఆనపకాయ, కాబేజీ, ఏదైనా సరే, నానిన పెసరపప్పు పిడికెడు పడితే రుచి పెరుగుతుంది, నూనె తక్కువ పడుతుంది. గోదావరి జిల్లాల వాళ్ళ పాఠోళి అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. శనగపప్పు నానబెట్టి, పచ్చిమిర్చి, జీలకర్రతో నీళ్ళు పోయకుండా బరకగా రుబ్బి, పోపులో వేసి, సన్నని సెగ మీద పొడిపొడిగా అయ్యేదాకా కదుపుతూ వేపుతారు. గోరుచిక్కుడు ఉడికించి కలిపితే ఇంకా బాగుంటుంది. ఓపిక కావాలి, మంట పెంచితే అడుగంటుతుంది, లోపల పచ్చి మిగులుతుంది. కానీ కూరే పప్పయిపోయే ఇలాంటి వంట మన దగ్గర ఉన్నందుకు మురిసిపోవాలి. కందిపచ్చడి, పచ్చిపులుసు జోడీ సంగతి చెప్పనే అక్కర్లేదు. వేయించిన కందిపప్పు, ఎండుమిర్చి, వెల్లుల్లి కలిపి నూరిన ముద్ద అన్నంలో ఎంతయినా కలుస్తుంది. పెసర పచ్చడి అంతకంటే తేలిక. గంటసేపు నానిన పెసరపప్పు, పచ్చిమిర్చి, ఉప్పు రుబ్బి నిమ్మకాయ పిండితే అయిపోయింది, పొయ్యి వెలిగించే పనే లేదు.

ఉలవల విషయంలో నాదొక విన్నపం. ఉలవచారు కోసం గింజలను గంటల తరబడి ఉడికించి, కట్టు వంచుకుని, గింజలను పశువులకు పెట్టడం పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఎద్దు ఇంటి పనంతా మోసిన రోజుల్లో అది న్యాయమే. ఇప్పుడు ఎద్దు లేని ఇళ్ళలో కూడా ఆ గింజలు చెత్తబుట్టలోకి వెళుతున్నాయి. ప్రొటీన్‌లో ఎక్కువ భాగం ఆ గింజలోనే ఉంది. చారు పక్కన ఉలవ గుగ్గిళ్ళు కూడా పెట్టండి. ఉల్లిపాయ, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు వేసి, పైన కొబ్బరి కోరు చల్లితే సాయంత్రం బజ్జీల జోలికి ఎవరూ వెళ్ళరు.

శ్రావణమాసపు శనగలు నాకు ఎప్పుడూ ఆశ కలిగిస్తాయి. పేరంటాలకు వెళ్ళివచ్చిన ప్రతి స్త్రీ చేతిలో వాయనంగా నానబెట్టిన శనగలు ఉంటాయి. ఆ నెలలో ఇంట్లో వాటిని ఏం చేయాలో తోచక అందరూ కొత్త వంటలు కనిపెడతారు. తాలింపు శనగలు, శనగల కూర, శనగ గారెలు, వంకాయతో కలిపి పులుసు, మొలకెత్తితే నిమ్మరసం పిండి పచ్చివే. ఒక నెలపాటు తెలుగు ఇల్లు పప్పుధాన్యాలను ఎలా తినాలో అలా తింటుంది. భాద్రపదం రాగానే ఆ డబ్బా మూత పడిపోతుంది. నేను కోరేది ఆ మూత తెరిచి ఉంచమనే. చిత్తూరు వైపు చలికాలంలో దొరికే అనపగింజలు, అలసందల (బొబ్బర్ల) వడలు, ఇవన్నీ ఆ వరుసలోకే వస్తాయి.

ఇనుము విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ కొలత ఒక్కటే సరిపోదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. వీరిలో మాంసం తినేవాళ్ళే ఎక్కువ, కాబట్టి నేరమంతా శాకాహారం మీద మోపలేం. కానీ మొక్కల నుంచి వచ్చే ఇనుము శరీరానికి అంత తేలిగ్గా ఒంటబట్టదు. విటమిన్ సి తోడుంటే బాగా పడుతుంది. చింతపండులో పులుపు ఉంది గాని విటమిన్ సి నామమాత్రమే. అందుకే ఆకుకూర పప్పును పొయ్యి మీద నుంచి దించాక నిమ్మకాయ పిండడం, పక్కన ఉసిరికాయ ముక్కో జామకాయో తినడం మంచిది. భోజనం ముగిసీ ముగియకముందే కాఫీ, టీ తాగే అలవాటు దీనికి పూర్తిగా వ్యతిరేకంగా పనిచేస్తుంది. గంటసేపు ఆగాలి. కాల్షియం కోసం పాలకూరను నమ్ముకోవద్దు, అందులోని ఆక్సాలేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి. మునగాకు నయం. ఆషాఢంలో మునగాకు తినాలని పెద్దలు పట్టుబట్టేవారు, లేత ఆకు కందిపప్పులో వేస్తే చేదు తెలియదు.

పాలు, పెరుగు కూడా మానేసి పూర్తిగా మొక్కల ఆహారమే తీసుకునేవారికి ఒక మాట. బి12 విటమిన్ ఏ పప్పులోనూ, ఏ ఆకులోనూ నమ్మదగినంత లేదు. దానికి మాత్ర వేసుకోవలసిందే. పెరుగు కొద్దిగానే తినే శాకాహారులు కూడా వైద్యుడిని అడిగి ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవడం అవసరం. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పప్పు పెంచేముందు వైద్యుడి మాట వినాలి.

ఇప్పుడు అన్నిటికంటే నాకు ముఖ్యమైన సంగతి. చాలా ఇళ్ళలో వడ్డించే మనిషి ఆఖరున కూర్చుంటుంది. అప్పటికి పప్పు గిన్నెలో మిగిలేది గరిటెడు. అది కూడా రాత్రికి పిల్లవాడి కోసం తీసిపెట్టి, ఆమె ఊరగాయ కలుపుకుని మజ్జిగతో ముగిస్తుంది. మా అమ్మమ్మ ఇలాగే తినేది, మా అత్తయ్య ఇప్పటికీ ఇలాగే తింటుంది, ఎంత చెప్పినా వినదు. కుటుంబానికి ఇంత పప్పు అని తలసరి లెక్క వేసేటప్పుడు ఈ గరిటె లెక్కలోకి రాదు. రక్తహీనత ఎవరిలో ఎక్కువో గుర్తు చేసుకుంటే పప్పు గిన్నె పెద్దది కావాలని నేను ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో అర్థమవుతుంది. గిన్నె పెద్దదైతే ఆఖరున కూర్చున్న మనిషికి కూడా మిగులుతుంది. అంతకంటే మంచి పని, అందరూ కలిసి కూర్చుని ఎవరికి వారు వడ్డించుకోవడం.

ఆకుకూర బాగుచేయడం, గింజలు నానబోయడం, రుబ్బడం, ఇదంతా శ్రమే. ఆరోగ్యం పేరుతో ఈ శ్రమనంతా ఒక్క స్త్రీ మీద వేసే సలహా ఏదైనా అన్యాయమే. తోటకూర కాడలు తుంచడానికి పెద్ద నేర్పు అవసరం లేదు, టీవీ ముందు కూర్చున్న ఎవరైనా తుంచగలరు. రాత్రి పడుకునేముందు పెసలు నీళ్ళలో పోయడం పదేళ్ళ పిల్లవాడి పని. మొగవాళ్ళు వంటింట్లోకి రాకుండా ఈ కొలతలు మారవు.

పప్పు ఎక్కువైతే వాయువు చేస్తుందని పెద్దవాళ్ళు అంటారు. అందులో నిజముంది. ఉలవలు, శనగలు, అలసందల వంటి గట్టి గింజలను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో మెత్తగా ఉడికించాలి. తాలింపులో ఇంగువ పడాలి. అలవాటు లేని కడుపుకు తేలిగ్గా అరిగే పెసరపప్పుతో మొదలుపెట్టి, కొన్ని వారాల మీద పెంచాలి. ఒక్కసారిగా రెట్టింపు చేస్తే కడుపు మొరాయిస్తుంది, మర్నాటి నుంచి ఇంట్లో అందరూ పాత గ్లాసే మేలంటారు.

కొలత గుర్తుంచుకోవడానికి తూకం రాళ్ళు అక్కర్లేదు. 250కి 85 అంటే ఇంచుమించు మూడింటికి ఒకటి. మూడు గ్లాసుల బియ్యమో జొన్నలో రవ్వో రోజుకు ఖర్చయితే అదే గ్లాసుతో ఒక గ్లాసు పప్పు పోవాలి, పొద్దుటి పెసలూ సాయంత్రం గుగ్గిళ్ళూ కలుపుకుని. ఏ పనీ చేయలేనంత అలసిపోయిన రాత్రి పులగం వండండి. దానికి నేను రెండు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పొట్టు పెసరపప్పు పోస్తాను. మిరియాలు, జీలకర్ర, అల్లం వేసి కుక్కర్లో పెడితే అరగంటలో అయిపోతుంది. రాయలసీమ వాళ్ళలా పక్కన వేరుశనగ పచ్చడి నూరుకుంటే గింజల లెక్క కూడా కొంత తీరుతుంది.